పాతాళగరిగె

ఏడేండ్లు గాలి నింపిన.
ఖసబ్ రేవుల, రేకుల షెడ్డుల,
కంప్రెసర్ పక్కన కాలే నేల మీద కూసొని
పసుప్పచ్చ సిలిండర్లకు రెండువందల బార్ల గాలి.
పీల్చే గొట్టం మొకం ఎప్పుడూ ఎదురుగాలికే తిప్పాలె.
డీజిల్ పొగ ఒక్క బుక్కెడు పోయినా
అడుగున ఎవలకో తల తిరుగుతది.
జర్మనోళ్లు, రష్యోళ్లు, దుబాయి నుంచి శుక్రవారం వచ్చే జంటలు
నా గాలి పీల్చి పైకొచ్చి
చేపల పేర్లు చెప్పుకుంటరు.
నాకు ఆ సముద్రం భాషల
వాల్వు బుస్సుమనే మాట ఒక్కటే వచ్చు.

నిన్న ఎవరిదో కెమెరా జారింది
నీళ్ల మీదికి తల చూపని కొండ కాడ.
దీవి అనిపించుకునేటందుకు
మూడు నిలువులు తక్కువైంది దానికి.
పటంల పేరు లేదు. పడవలోళ్లకే ఎరుక.

నువ్వు రా, నీ కండ్లు మంచియి, అన్నడు రొడెల్.
మా నాయినకు పాతాళగరిగె ఉండె, అన్న.
సమజ్ కాలే. చేతులతోని చూపెట్టిన:
ఇనుప కడెం, చుట్టూ కొక్కేలు, మోకు.
వాడకట్టుల ఎవల బొక్కెన బాయిల పడ్డా
మా ఇంటికే వస్తుండిరి.
కొక్కేనికి చిక్కకుంటే నన్ను దించుతుండె.
ఊపిరి బిగబట్టి మునుగుడు, బురద తడుముడు,
ఇత్తడి బిందె తీస్తే ఒక గంపెడు మక్కకంకులు.

ఆ బిగబట్టుడే మర్చిపోమన్నడు రొడెల్
కిందటి ఎండాకాలం, గిరాకి లేనప్పుడు,
ఛాతిలోతు నీళ్లల్ల నాకు నేర్పేటప్పుడు.
ఇక్కడ బిగబట్టినోడే చస్తడు.
పీల్చు, ఇడువు. పీల్చు, ఇడువు.
గంతే చదువు.

లంగరు తాడు పట్టుకొని దిగిన.
ముక్కు మూసి ఊదితే
చెవులల్ల తలుపులు టప్పుమన్నయి.
నేను నింపిన గాలి నేనే అంత లోతుల పీల్చుడు మొదటిసారి.
రబ్బరు రుచి. నోరు ఎండబెట్టే పొడిగాలి.
మంగళవారం నింపిన సిలిండరే,
మెడ మీద నా సుద్దగీత.

కొండ నెత్తి దాటి, దాని పక్క పట్టుకొని దిగుతుంటే
ఏడో నిలువు కాడ
ఎవరో తడి దుప్పటి కప్పినట్టు నీళ్లు చల్లబడ్డయి.
టార్చి వేసిన.
నేను రాయి అనుకున్నది రాయి కాదు.
ఊదారంగు మెత్తటి కొమ్మలు,
జొన్నకంకి లెక్క, గింజ గింజకు ఒక నోరు.
అన్ని నోళ్లు తెరిచి
నీళ్లవాలుల వచ్చేదేదో తింటున్నయి.
ఒక పక్క మాత్రం తెల్లగ, సున్నమేసిన గోడ లెక్క.
రెండు ఎండాకాలాల కింద ఉడికి సచ్చిందట, తర్వాత చెప్పిండు.
ఆ తెలుపుల గోరంత గోధుమరంగు.
మరకేమో అనుకున్న.
మళ్లొకసారి టార్చి వేసి చూసిన.

కెమెరా దొరకలే.
దొరికింది గర్‌గూర్,
తాడు తెగి పడ్డ చేపల బోను, తీగల గుమ్మటం.
దాన్ని వేసినోడు పైన మర్చిపోయిండు,
అది మాత్రం కింద తన పని మర్చిపోలే.
సచ్చింది ఎరైతది, ఎరకొచ్చింది సస్తది.
లోపల నాలుగు చిలకచేపలు, ఒక ఎముకల గూడు.

రొడెల్ కటింగ్ ప్లయరు ఇచ్చిండు.
తీగకు తుప్పు పట్టింది గాని తెగదు.
నాలుగోది కోస్తుంటే నా ఛాతి మీద తట్టిండు,
బుడగలు రాకపాయె.
బాయిలున్న అనుకున్ననేమో.
ఇడిచిన. మళ్ల పీల్చిన. ఏడు తీగలు కోసిన.

అవి పోలే.
ఇంత పెద్ద తొర్ర పక్కనే ఉంటే
అవతలి జాలికే మూతులు రాసుకుంటున్నయి.
చెయ్యి పెట్టి ఒకదాన్ని నెట్టిన,
పొలుసులు గరుకుగ, బలంగ.
అది పోయినంక మిగతయి.
పోయేటప్పుడు ఒకటి ఆగి
పగడం ఇంత కొరికి నమిలింది.
కరకర చప్పుడు ఇనబడ్డది నాకు.

పడవల కెమెరా ఆయన అడిగిండు.
లేదు సార్, అన్న.
మొకం తిప్పుకున్నడు.

సాయంత్రం షెడ్డుల
నా సిలిండర్‌కే గేజి పెట్టి చూసిన.
అరవై మిగిలింది.
నూటనలభై బార్లు నా ఒక్కనివి.
సుద్దతోని గోడ మీద రాసుకున్న, తారీకేసి.
గాలి పడమటికి మళ్లింది.
గొట్టం తిప్పిన.